ఏడో లెవెల్లో నీళ్ళు

పొద్దున ఆరింటికి పెద్దమ్మాయి గనికి ఫోను చేసింది. పంపులు చూసే మేస్త్రీ మొదటి రింగుకే ఎత్తాడు.

“ఎంతుంది?”

“నిన్నటంతే ఉందమ్మా. ఏడో లెవెల్లో నీళ్ళు చీలమండ దాటలేదు. రెండు పంపులూ తిరుగుతున్నాయి.”

“మూడోది?”

“బేరింగు మార్చాలి. మధ్యాహ్నానికల్లా పెట్టేస్తాం.”

“మధ్యాహ్నం దాకా ఎందుకు? ఇప్పుడే పెట్టండి,” అని ఫోను పెట్టేసి, ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది.

పెద్దమ్మాయంటే చిన్నపిల్లేం కాదు. నలభై తొమ్మిదో ఏడు నడుస్తోంది. వాళ్ళ నాన్న ఆ వజ్రాల గని మొదలుపెట్టిన రోజుల్లో, రెండు జడలు వేసుకుని ఆయన వెనకే ఆఫీసుకి పరిగెత్తే పిల్లని పనివాళ్ళు అలా పిలిచేవారు. ఆయన పోయి, కంపెనీ మొత్తం ఆమె చేతికి వచ్చాక కూడా ఆ పిలుపు మారలేదు. పెళ్ళి మాటెత్తితే “గనితో అయిపోయిందిగా” అని నవ్వేసేది. తమ్ముణ్ణి మాత్రం అందరూ చిన్నోడనేవారు. అతను గని మేనేజరుగా ఉండగా, పదకొండేళ్ళ క్రితం గనిలో అట్టడుగునున్న ఏడో లెవెల్లో బురద విరుచుకుపడి అందులోనే ఉండిపోయాడు. నెల రోజులు తవ్వారు. పైకప్పు కూలుతోందని అధికారులు వచ్చి ఆపించేశారు. మనిషి దొరకలేదు.

ఇంట్లో ఇప్పుడు ముగ్గురు ఆడవాళ్ళే. అమ్మ, పెద్దమ్మాయి, చిన్నోడి భార్య. నాన్న రాసిపెట్టిన ప్రకారం కంపెనీలో అమ్మకీ, పిల్లలిద్దరికీ సమాన వాటాలు. చిన్నోడి వాటా అతని భార్యకి వచ్చింది. ముగ్గురిలో ఏ ఇద్దరు ఒక మాట మీదుంటే అదే కంపెనీ మాట.

వంటగదిలో అమ్మ రొట్టె ముక్కని టీలో ముంచుకుని నెమ్మదిగా నములుతోంది. మరదలు కిటికీ దగ్గర చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. గనిలో రాళ్ళు వేరుచేసే గదికి ఆమే పెద్ద. రోజంతా తెల్లటి బల్ల ముందు కూర్చుని, ముడి వజ్రాలని రంగునిబట్టి, పరిమాణాన్నిబట్టి కుప్పలు పెట్టిస్తుంది. పెద్దమ్మాయి నిలబడే టీ తాగుతూ ఫైలు సర్దుకుంటోంది.

“వదినా, ఒక్క నిమిషం కూర్చోండి,” అంది మరదలు.

“కూర్చునే టైమెక్కడిది? గని కొంటామన్న కంపెనీ కళ్ళజోడాయన తొమ్మిదింటికే దిగబడతాడు. మేం అమ్మట్లేదు బాబూ అని ముఖం మీదే చెప్పి పంపించేస్తా. శనివారంతో వాళ్ళ గడువు అయిపోతుంది, పీడా పోతుంది.”

“నేను సంతకం పెట్టేశాను.”

“దేని మీద?”

“నా వాటా అమ్మకం కాగితం మీద. నిన్న సాయంత్రం.”

పెద్దమ్మాయికి ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. కప్పు బల్ల మీద పెట్టింది. అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఎత్తలేదు.

“వాళ్ళు ఎందుకు కొంటున్నారో తెలుసా నీకు?” అంది చివరికి. “తవ్వడానికి కాదు. యంత్రాల్లో వండిన వజ్రాలొచ్చి బజారు పడిపోయింది. ఉన్న గనులన్నీ కొనేసి, సగానికి సగం మూసేస్తే, బయటికొచ్చే రాళ్ళు తగ్గుతాయి. అప్పుడు ధర వాళ్ళు చెప్పిందే. మన దగ్గర వాళ్ళకి కావాల్సింది బయటున్న వ్యర్థాల గుట్ట ఒక్కటే. అందులో మనం వదిలేసిన సన్నరాళ్ళని కొత్త మిషన్లతో ఏరుకుంటారు. పక్క గనివాళ్ళతో కలిసి, రాయి కడిగే ప్లాంటు ఇద్దరికీ ఒకటే పెట్టుకుంటే మనమే గట్టెక్కుతామని నెత్తీనోరూ కొట్టుకుని చెప్తున్నా కదా!”

“చెప్పారు. మీరు చెప్పిందీ విన్నాను, వాళ్ళిచ్చిన కాగితమూ చదివాను.”

“అయితే వాళ్ళు మొట్టమొదట ఆపేది ఏడో లెవెల్ పంపులని కూడా చదివే ఉంటావు.”

“చదివాను.”

“చదివి సంతకం పెట్టావా?” పెద్దమ్మాయి గొంతు లేచింది. “అది నీ వాటా అనుకుంటున్నావేమో. మా తమ్ముడి వాటా అది. వాడు పోబట్టి నీ పేరు మీదకొచ్చింది!”

నోరు జారిందని ఆమెకీ వెంటనే తెలిసింది. మరదలు ఇస్త్రీపెట్టె ఆపి, ప్లగ్గు తీసి, తీగని జాగ్రత్తగా చుట్టిపెట్టింది.

“అవును వదినా. ఆయన పోబట్టే వచ్చింది. ఆ సంగతి నాకెవరూ గుర్తుచెయ్యక్కర్లేదు,” అని, ఇంకా వెచ్చగా ఉన్న చొక్కా భుజాన వేసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

పెద్దమ్మాయి తల్లి ఎదుట నిలబడింది. “నీకు ముందే తెలుసా?”

“నాకు చెప్పే వెళ్ళింది.”

“నువ్వూ పెట్టావా?”

“పెట్టలేదు. నీ ఇష్టం లేకుండా నేను పెట్టను. నువ్వు పెట్టిన రోజున పెడతా.” అమ్మ టీలో కరిగిపోయిన రొట్టెని చెంచాతో తీసింది. “ఆ పిల్లని ఎందుకంత మాటన్నావే? దానికీ ముప్పై ఎనిమిదొచ్చాయి. పొరుగూరిలో వజ్రాలకి సానపట్టడం నేర్పుతారట, వెళ్తానంటోంది. ఇన్నాళ్ళూ రాళ్ళు వేరుచెయ్యడంతోనే సరిపోయింది, ఒక్క రాయైనా నా చేత్తో మెరిపించాలనుంది అత్తయ్యా, అంది. నేనేం చెప్పను?”

పెద్దమ్మాయి ఫైలు తీసుకుని బయల్దేరింది.

*

ఆఫీసులో కళ్ళజోడాయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. కొనే కంపెనీ తరఫున మూడు నెలలుగా ఇక్కడే మకాం పెట్టి, కాగితాలన్నీ పరిశీలిస్తున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ముక్కు మీదకి జారిపోయే కళ్ళద్దాలని పైకి తోసుకుంటూ, “మీరు గని తవ్వుతారు, మేం మీ ఫైళ్ళు తవ్వుతాం,” అని మొదటిరోజే నవ్వించాడు. కాని బేరంలో మాత్రం అంగుళం వదిలే రకం కాదని ఆమె కనిపెట్టేసింది.

“మేం అమ్మట్లేదు,” అంది పెద్దమ్మాయి, కూర్చోకుండానే.

“సరే. మీ మరదలుగారు సంతకం పెట్టారు, మీరు పెట్టలేదు, అమ్మగారు మీవైపు ఉంటారు. నాకు అర్థమైంది.” ఆయన లేవలేదు. “వెళ్ళేముందు ఒక్క సంగతి అడగొచ్చా? మూడు నెలల్నించీ మింగుడుపడట్లేదు. ఏడో లెవెల్లో పదకొండేళ్ళుగా ఒక్క తట్ట ఖనిజం తియ్యలేదు. మీ కరెంటులో సగం ఆ నీళ్ళు తోడడానికే పోతోంది. పైనున్న ఆరో లెవెల్ పనికి ఆ పంపులతో అవసరమే లేదు. ఇంత తెలివిగా కంపెనీ నడిపే మనిషి, అక్కడ మాత్రం ఎందుకిలా చేస్తున్నట్టు?”

ఆమె చేతిలో ఫైలు బల్ల మీద పెట్టింది.

“మావాళ్ళు ఏమనుకుంటున్నారో చెప్పనా? ఏడో లెవెల్ కింద మీకు కొత్త ఖనిజం తగిలింది, బయటికి పొక్కకుండా పొడిగా ఉంచుతున్నారు అనుకుంటున్నారు. అందుకే ధర రెండుసార్లు పెంచాం. మీ తమ్ముడిగారి ప్రమాదం రిపోర్టు నేనూ చూశాను, కాని దానికీ దీనికీ ముడిపెట్టలేదు. నిజం చెప్పండి. ఏముందక్కడ?”

ఒక్క చిన్న నవ్వు నవ్వి ఊరుకుంటే చాలు. శనివారం దాటితే ఇంకోసారి పెంచుతారు, కాదంటే పక్క గనివాళ్ళతో బేరంలో అదే పుకారు ఆమెకి పనికొస్తుంది. నాన్న దగ్గర నేర్చిన విద్యే అది, ఎదుటివాడు ఊహించుకునేది ఊహించుకోనీ, నువ్వు కాదనకు, అనేవాడాయన. పెద్దమ్మాయి ఆ నవ్వు నవ్వబోయింది. పెదాలు కదల్లేదు.

“మా తమ్ముడున్నాడు,” అంది.

కళ్ళజోడాయన చేతిలో కలం ఆగిపోయింది.

“నీళ్ళు వదిలేస్తే మునిగిపోతాడు,” అంది మళ్ళీ. ఆ మాట తన నోట్లోంచి వచ్చి తన చెవిలోనే పడేసరికి, ఎవరో పిచ్చిమనిషి అన్నట్టు వినిపించింది. పదకొండేళ్ళలో ఇంజినీర్లు ఎన్నిసార్లు అడిగారు! ఒకసారి భద్రత అంది, ఒకసారి ముందుచూపు అంది, ఒకసారి వ్యూహం అని పెద్దమాట వాడింది. మేస్త్రీ ఒక్కడూ ఏనాడూ అడగలేదు.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“అమ్మా, నేనిది రాయాలి. ఖనిజం లేదని తెలిశాక మావాళ్ళు ధర తగ్గిస్తారు. అసలు వెనక్కే తగ్గొచ్చు కూడా.”

“రాయండి.”

“మీరు చెప్పకపోతే నేను కనిపెట్టగలిగేవాణ్ణి కాదు.”

“తెలుసు,” అంది పెద్దమ్మాయి. ఫైలు బల్ల మీదే వదిలేసి ఇంటికి నడిచింది.

*

మధ్యాహ్నం ఇంట్లో మరదలు పెట్టె సర్దుతోంది. ఆ రోజు పనికి వెళ్ళలేదు. మంచం మీద మడత పెట్టిన బట్టలు, పక్కన రాళ్ళు చూసే భూతద్దం. పెద్దమ్మాయి గుమ్మం దగ్గరే ఆగింది.

“పొద్దున అనకూడని మాట అన్నాను.”

“అన్నారు,” అంది మరదలు, తల తిప్పకుండా.

“నీతో ఒకటి చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది.” పెద్దమ్మాయి గోడకి జారబడి, అలాగే నేలమీద కూర్చుండిపోయింది. “ఆ రోజు పొద్దున చిన్నోడు నాకు ఫోను చేశాడు. గోడలోంచి నీళ్ళు కారుతున్నాయి అక్కా, బురద మెత్తబడింది, ఒక వారం ఆపుదామన్నాడు. అప్పుడు పక్క గనిని మనమే కొనాలని నేను తిరుగుతున్నా. నెలాఖరుకి ఉత్పత్తి తగ్గితే బ్యాంకువాళ్ళు తప్పుకుంటారు. అందుకని...”

“ఈ ఒక్క షిఫ్టు కానీరా, అన్నారు,” అంది మరదలు.

పెద్దమ్మాయి చటుక్కున ఆమెకేసి చూసింది.

“మీతో మాట్లాడాక నాకు చేశారు. అక్క ఈ ఒక్క షిఫ్టు కానీమంది, రాత్రికి కొంచెం ఆలస్యంగా వస్తానన్నారు. కూలీలు టీకి వెనక్కి వచ్చారు. ఈయన చూసొస్తానని ఒక్కరే ముందుకెళ్ళారు.” చేతిలో బట్టని ఆమె మడత విప్పి మళ్ళీ మడిచింది. “నాకు పదకొండేళ్ళుగా తెలుసు వదినా.”

“మరి... ఏనాడూ అనలేదేం? విచారణలో చెప్తే నన్ను జైల్లో పెట్టేవాళ్ళు.”

“చెప్దామనే వెళ్ళాను మొదటిరోజు. మీరు అక్కడ బల్ల మీద కూర్చునున్నారు, కాళ్ళకి చెప్పుల్లేకుండా. ఒక కాలికి బురద. నెలంతా కింద తవ్వినవాళ్ళతోనే ఉన్నారుగా. చెప్తే మీరు బతకరనిపించింది. వెనక్కొచ్చేశాను.” మరదలు అప్పుడు తల ఎత్తింది. కళ్ళు ఎర్రబడ్డాయి. “అలాగని క్షమించాననుకోకండి. నేనేం దేవతని కాను. కొన్నాళ్ళు మీరు అన్నం తింటుంటే చూడలేకపోయేదాన్ని. ఒళ్ళు మండిపోయేది. తర్వాత్తర్వాత అదీ తగ్గింది. కాని రోజూ పొద్దున్నే మీరు ఫోన్లో ‘ఎంతుంది’ అని అడుగుతారు చూడండి, నా గదిలోకి వినిపిస్తుంది. ఆరింటికి నాకు మెలకువొచ్చేది ఆ మాటతోనే. పదకొండేళ్ళుగా ఆయన ఈ ఇంట్లో రోజూ పొద్దున్నే చచ్చిపోతున్నారు వదినా. ఒక్కరోజైనా ఆయన్ని పోనివ్వలేదు మీరు. నేను డబ్బు కోసం సంతకం పెట్టలేదు. పంపులు ఆగుతాయనే పెట్టాను.”

పెద్దమ్మాయి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

అప్పుడు వసారాలోంచి అమ్మ గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చిందో, చేతికర్ర ఆనించుకుని గుమ్మం అవతల నిలబడి ఉంది.

“ఆ రోజు నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే నేను పక్కనే చిక్కుళ్ళు తుంచుతున్నా,” అంది. “వినలేదనుకున్నావు.”

“అమ్మా!”

“విన్నాను. వద్దను, ఆపమను, అని నా నోటి దాకా వచ్చింది. నీకు పని తెలుసు కదా అని ఊరుకున్నా. నువ్వొక్కదానివే అనుకుంటున్నావేమో. నేనూ ఉన్నాను ఆ షిఫ్టులో.”

ముగ్గురూ ఒకే బల్ల దగ్గర, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటూ, ఒకరికి తెలియకూడదని ఇంకొకరు ఇన్నేళ్ళు ఒకే మాటని కడుపులో దాచుకున్నారన్నమాట. పెద్దమ్మాయి లేచి వెళ్ళి అమ్మని పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, మంచం మీద బట్టలు పక్కకి జరిపి కూర్చోబెట్టింది. ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు. మరదలే లేచి ముగ్గురికీ నీళ్ళు తెచ్చింది.

*

కళ్ళజోడాయన రాయాల్సింది రాశాడు. వాళ్ళు గడువు పొడిగించారు గానీ, కొత్త ధర తక్కువే వచ్చింది. అయినా ఆయన భయపడినట్టు వాళ్ళు వెనక్కి తగ్గలేదు, గుట్ట మీద ఆశ అలాంటిది. పెద్దమ్మాయి అమ్మడానికి ఒప్పుకుని, ఒకే ఒక్క షరతు పెట్టింది. ఏడో లెవెల్ని ఎవరూ, ఎప్పటికీ, ఎంత లాభం కనిపించినా తవ్వకూడదు. ఆ మాట ఒప్పందంలో రాయించడానికి కళ్ళజోడాయన తన పెద్దలతో రెండు వారాలు పోట్లాడాడట. ముందు పెద్దమ్మాయి సంతకం పెట్టింది, తర్వాత అమ్మ పెట్టింది.

పనివాళ్ళలో సగం మందికి గుట్ట దగ్గర పని దొరికింది. మిగతావాళ్ళకి ఇక పని లేదని చెప్పే ఉత్తరాలు పెద్దమ్మాయి ఎవరిచేతా పంపలేదు. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ తన చేత్తోనే ఇచ్చింది. కొందరు దణ్ణం పెట్టారు, ఒకతను కాగితం చింపి ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు. వంగి ఆ ముక్కలు ఏరుకుని, ఇంకో కాగితం రాయించి, మర్నాడు అతని ఇంటికి వెళ్ళి ఇచ్చింది. అతని భార్య తలుపు సగమే తీసింది.

పంపులు ఆపే రోజు ముగ్గురూ గనికి వెళ్ళారు. పంపుల గదిలో చప్పుడికి మనిషి మాట వినపడదు. మేస్త్రీ టోపీ తీసి, ఎర్ర బటన్ వైపు చూపించి పక్కకి తప్పుకున్నాడు. పెద్దమ్మాయి చెయ్యి చాచింది. బటన్ దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ చాచింది. వేళ్ళు కదల్లేదు. మరదలు ముందుకి రాబోయింది.

అమ్మ చేతికర్రతో మరదల్ని ఆపింది.

“వాణ్ణి కన్నది నేను. జరగండి,” అంది.

బటన్ నొక్కింది. మోటార్లు ఒక్కసారే ఆగలేదు. మూలుగుతూ, నిదానిస్తూ, చివరికి ఒక కుదుపుతో ఊరుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో పైపులోంచి నీళ్ళు వెనక్కి దిగుతున్న సవ్వడి స్పష్టంగా వినిపించింది. పెద్దమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, కాని ఆగలేదు. నేల మీద కూలబడి, పిల్లలు ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చింది. “చిన్నోడా, నేనే ఆపాల్సిందిరా, ఆ రోజే ఆపాల్సిందిరా,” అంది. మరదలు పక్కన కూర్చుని ఆమె తలని తన భుజానికి ఆనించుకుంది. “అవును వదినా,” అంది మెల్లగా. కాదనలేదు. అలా కాదనకపోవడమే పెద్దమ్మాయికి ఊరటగా తోచింది.

తిరిగి నడిచి వస్తుంటే ఎండ బాగా ఎక్కింది. అమ్మ మధ్యలో, వాళ్ళిద్దరూ చెరోపక్క. వారం రోజుల్లో మరదలు వెళ్ళిపోతుంది.

“వాడి గురించి ఏదైనా చెప్పు,” అంది పెద్దమ్మాయి హఠాత్తుగా. “నాకు తెలియనిది.”

“ఆయనకి కప్పలంటే చచ్చేంత భయం,” అంది మరదలు.

“చిన్నోడికా? భూమి కింద అంత లోతులో తిరిగేవాడికి?”

“పెళ్ళైన కొత్తలో వాన రోజున స్నానాల గదిలోకి కప్ప దూరింది. వెళ్ళి తరిమెయ్యండి అంటే, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళారు.”

“హెల్మెట్టా!”

“దాని మీదున్న లైటు కూడా వేసుకున్నారు.”

“పట్టాడా మరి?” అంది అమ్మ.

“లేదత్తయ్యా. క్షణంలో బయటికొచ్చేసి, ‘పాపం, అదేదో స్నానం చేసుకుంటోంది, మనం తర్వాత చేద్దాం’ అన్నారు.”

అమ్మకి ముందు నవ్వొచ్చింది. నోట్లో పళ్ళు లేని ఆ నవ్వు చూసి పెద్దమ్మాయికీ వచ్చింది. రోడ్డు మధ్యలో ముగ్గురూ ఆగిపోయి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వారు. గనిలోంచి ఇంటికి వెళ్తున్న మనుషులు వింతగా చూస్తూ పక్కనుంచి వెళ్ళిపోయారు.

పెద్దమ్మాయి కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఇంకోటి చెప్పు,” అంది.